బేస్‌మెంట్‌లో ఫ్రెంచి లెక్కలు

ఆ శనివారం పొద్దున తలుపు తట్టినావిడని చూసి మా అమ్మ పొరబడింది. తెల్ల జుట్టు, నల్ల కోటు, చంకలో రెండు లావుపాటి పుస్తకాలు. ఇంటింటికీ తిరిగి దేవుడి మాట చెప్పేవాళ్లలో ఒకరనుకుంది. "వి హావ్ చర్చ్, థాంక్యూ" అని మర్యాదగా నవ్వి తలుపు వేయబోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను చర్చి పని మీద రాలేదు. ఈ ఇంట్లో లెక్కలంటే ఇష్టమున్న మనిషి ఎవరైనా ఉన్నారా?"

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. కాకపోతే అది ఫ్రెంచి గొంతులోంచి వచ్చే ఇంగ్లీషు. మొదటిసారి వినగానే అర్థం కాలేదు. రెండోసారి అడిగాక అమ్మ వెనక్కి తిరిగి నావైపు చూసింది.

అవి ఎనభైల మొదటి రోజులు. జెర్సీ సిటీలో ఒక పాత అపార్ట్‌మెంట్ బిల్డింగులో ఎనిమిదో అంతస్తులో ఉండేవాళ్లం. నాకు నాలుగేళ్లప్పుడు గుంటూరు నుంచి వచ్చేశాం. నాన్న ఒక హాస్పిటల్ ల్యాబులో పని చేసేవాడు. అమ్మ రోజూ ట్రెయినెక్కి మన్‌హాటన్‌లో ఒక బ్యాంకుకి వెళ్లి, చెక్కుల మీది అంకెలు చూసి మెషీన్‌లోకి కొట్టే పని చేసేది. నాకు అప్పుడు పదహారేళ్లు. హైస్కూల్లో లెక్కలు బాగా చేస్తానని పేరు. ఆ సంగతి బిల్డింగులో అందరికీ తెలుసు. ఎందుకంటే లిఫ్టులో ఎవరు కనబడినా మా నాన్న చెప్పేవాడు. ఈవిడకి కూడా లిఫ్టులోనే చెప్పాడట.

లోపలికొచ్చి కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగుతూ ఆవిడ తన కథంతా చెప్పింది. ఫ్రాన్సులో లియోన్ అనే ఊళ్లో ముప్ఫై ఏళ్లకు పైగా లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. మామూలు బడిలో కాదు, ప్రెపా అనే క్లాసుల్లో. అక్కడ పెద్ద ఇంజనీరింగ్ కాలేజీల్లో సీటు కావాలంటే స్కూలు ముగిశాక ముందు రెండేళ్లు ఈ ప్రెపాలో చదవాలి. ఆ తర్వాత పోటీ పరీక్షలు. ముందు రాత పరీక్ష, అందులో నెగ్గితే నోటి పరీక్ష. చివర్లో దేశమంతటికీ కలిపి ర్యాంకులు. ఇప్పుడు మన ఊళ్లలో ఎంట్రన్స్ కోచింగులు చూసినవాళ్లకి ఇది చెప్తే ఇట్టే అర్థమవుతుంది. మాకు మాత్రం అప్పుడు ఏదో సైన్యంలో చేరడం గురించి చెప్తున్నట్టనిపించింది.

ఆవిడ కూతురు ఒక అమెరికన్‌ని పెళ్లి చేసుకుని ఇక్కడే, మా బిల్డింగులోనే ఐదో అంతస్తులో ఉండేది. ఆమె కొడుక్కి పదిహేడేళ్లు. మన్‌హాటన్‌లో ఫ్రెంచి బడిలో చదువుతున్నాడు. వచ్చే వేసవి గడిస్తే లియోన్ వెళ్లి ప్రెపాలో చేరాలి. అక్కడ వాడు తట్టుకోలేక తిరిగొచ్చేస్తాడేమోనని అమ్మమ్మ భయం. అందుకే సంవత్సరం ముందే ఇక్కడికొచ్చి మకాం పెట్టింది.

"ఒక్కడికే చెప్పొచ్చు కదండీ?" అంది అమ్మ.

"ఒక్కడితో కోల్ జరగదు" అంది ఆవిడ, అదేదో మాకు తెలిసిన మాటైనట్టు.

కోల్ అంటే ప్రెపాలో వారం వారం జరిగే నోటి పరీక్ష. ముగ్గురు విద్యార్థులు, ఒక టీచరు, గంటసేపు. ముగ్గురూ బోర్డు ముందు నిలబడి ఎవరి ప్రశ్న వాళ్లు చెయ్యాలి. ఒకరు తడబడుతుంటే మిగతా ఇద్దరూ చూస్తూ వింటూ తమ పని తాము చేసుకోవాలి. ఆ ఒత్తిడి అలవాటవ్వాలంటే పక్కన మనుషులుండాల్సిందే. బిల్డింగ్ బాగోగులు చూసే సూపర్‌ని అడిగి ఆవిడ బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ల గది పక్కనున్న ఖాళీ గది సంపాదించింది. ఏదో బడివాళ్లు పారేసిన బోర్డు తెచ్చి గోడకి ఆనించింది. మనవడు సిద్ధం. ఇంకా ఇద్దరు కావాలి.

ఆవిడ వెళ్లాక ఇంట్లో చిన్న మీటింగు జరిగింది. నాన్నకి సంబరం. "ఫ్రెంచ్ ప్రొఫెసరు ఫ్రీగా చెప్తానంటే వద్దంటామా?" అన్నాడు.

అమ్మ గొంతు తగ్గించింది. "ఏవండీ, బేస్‌మెంట్ గదిలో, పదిహేడేళ్ల కుర్రాడితో..."

"మమ్మీ! ఇట్స్ మ్యాథ్!" అన్నాను నేను.

"మ్యాథే. నేనూ వస్తాను. శనివారం ఎలాగూ బట్టలు ఉతుక్కోవడానికి దిగుతాను కదా."

అలా మొదటి శనివారం అమ్మ బట్టల బుట్టతో నా వెనకే దిగింది. మెషీన్‌లో బట్టలు పడేసి, మా గదిలో మూల కుర్చీలో కూర్చుంది. మదామ్ (మేమంతా ఆవిడని అలాగే పిలిచేవాళ్లం) మనవడికీ నాకూ చాక్ పీసులిచ్చి, తర్వాత అమ్మ దగ్గరికి నడిచింది.

"నా క్లాసులో చాక్ లేకుండా ఎవరూ కూర్చోరు."

"నేను ఊరికే, బట్టల కోసం..." అంది అమ్మ.

"మీరేం చదివారు?"

అమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. గుంటూరులో బీఎస్సీ మ్యాథ్స్. ఫస్ట్ క్లాస్. ఆ మాట నేను అంతకుముందు విన్నానో లేదో నాకు గుర్తులేదు. ఆవిడ చాక్ పీసు అమ్మ చేతిలో పెట్టి, బోర్డులో మూడో వంతు చూపించింది.

నా ప్రశ్న తేలిగ్గా కనిపించింది. గీత ఇక్కడ సున్నాకి కింద ఉంది, అక్కడ పైన ఉంది. మధ్యలో ఎక్కడో సున్నాని తాకుతుందని నిరూపించాలి. నేను బొమ్మ గీసి, చూపించి, చేతులు దులుపుకున్నాను.

"ఎందుకు తాకుతుంది?"

"అబ్వియస్ కదా."

"ఎవరికి?"

"ఎవరికైనా. దాటకుండా ఎలా వెళ్తుంది?"

"గంతేసి వెళ్లొచ్చు. గంతెయ్యదని నీకెవరు చెప్పారు?"

నేను బొమ్మలో గీత మీద ఇంకోసారి చాక్ రుద్దాను. హైస్కూల్లో అలా ఎవరూ అడగలేదు. నా పక్కన మనవడు చెమటలు కక్కుతూ ఏదో రాస్తున్నాడు. వాడి పక్కన అమ్మ ఒక్క అక్షరం రాసి, తుడిచి, మళ్లీ అదే అక్షరం రాసింది. గంట అయ్యాక మదామ్ ఎర్ర పెన్సిల్ తీసి మార్కులు చదివింది. ఇరవైకి మనవడికి ఏడు, నాకు నాలుగు, అమ్మకి ఒకటి.

లిఫ్టులో ఎనిమిదో అంతస్తు దాకా అమ్మ వేళ్లకంటిన చాక్ పొడి కొంగుకి తుడుచుకుంటూనే ఉంది. తడి బట్టల బుట్ట నేను పట్టుకున్నాను. డ్రయ్యర్‌లో వెయ్యడం ఇద్దరం మర్చిపోయాం.

"ఎంతొచ్చిందే?" అన్నాడు నాన్న తలుపు తీస్తూనే, నన్ను.

"నాలుగు."

"ఎంతకి?"

"నాకు ఒకటి" అంది అమ్మ వెనకనుంచి. నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అమ్మకి నవ్వాగలేదు. సోఫాలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఇరవైకి ఒకటండీ! ఆ ఒకటి కూడా చాక్ బాగా పట్టుకున్నందుకు వేసుంటుంది!"

సోమవారం సాయంత్రం బ్యాంకు నుంచి వస్తూ అమ్మ లైబ్రరీ దగ్గర ఆగి ఒక కాలిక్యులస్ పుస్తకం తెచ్చుకుంది.

ఆ శీతాకాలమంతా మా శనివారాలు అలాగే గడిచాయి. గోడ అవతల మెషీన్లు గిరగిరా తిరుగుతుండేవి. ఇవతల మేం ముగ్గురం తలలు గోక్కుంటూ నిలబడేవాళ్లం. గది నిండా సబ్బు వాసన. మదామ్ కోటు విప్పేది కాదు, కుర్చీలో కూర్చునేది కాదు. "తెలిసిందే కదా" అన్న మాట మా నోట వస్తే చాలు, "ఎవరికి తెలుసు?" అనేది. అమ్మకి ఆ మాట ఎంత పట్టేసిందంటే ఇంట్లో కూడా వాడేది. ఒకసారి నాన్న, "పప్పులో ఉప్పు తక్కువైందని తెలుస్తూనే ఉందిగా" అంటే, "ఎవరికి తెలుస్తోందండీ? నిరూపించండి" అంది.

ట్రెయిన్‌లో నిలబడి కళ్లు మూసుకుని లెక్కలు చేసుకునేది. ఆ ధ్యాసలో ఒకరోజు దిగాల్సిన స్టేషను దాటిపోయి బ్యాంకుకి ఆలస్యంగా వెళ్లింది. ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు క్రైస్తవ సంఘం కూడుకునేది. అమెరికన్ల ఆరాధన అయిపోయాక వాళ్ల హాలు అద్దెకు తీసుకునేవాళ్లం. పది కుటుంబాలుండేవి. ఒక ఆదివారం ప్రార్థన అంశాలు చెప్పమంటే అమ్మ లేచి, "నాకు శనివారం కోల్ ఉంది, ప్రార్థన చెయ్యండి" అంది. పాస్టరు గారికి అదేమిటో తెలియదు. ఏదో ఆపరేషను అనుకున్నారు. "ప్రభువా, సహోదరికి కోల్ నుంచి పూర్తి స్వస్థత దయచెయ్యి" అని గట్టిగా ప్రార్థించారు. నేను తల వంచుకుని, నవ్వు బయటపడకుండా నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. ఆరాధనయ్యాక ఇద్దరు ఆంటీలు అమ్మ చెయ్యి పట్టుకుని, ఏ హాస్పిటల్లో అని అడిగారు.

ఇంకోసారి మదామ్ మమ్మల్ని మెచ్చుకుంటూ, ఇక మీరు కూడా మోల్స్ అయిపోయారంది. ఫ్రాన్సులో లెక్కల ప్రెపా పిల్లల్ని ముద్దుగా అలా పిలుస్తారట. మోల్ అంటే ఏమిటని అమ్మ నన్నడిగింది. నేలలో బొరియలు తవ్వుకుంటూ, వెలుగు చూడకుండా బతికే జంతువని చెప్పాను. అమ్మ మొహం మాడిపోయింది.

"నన్ను పందికొక్కు అందా?"

"కాదు మమ్మీ, అది లవ్‌తో అంటారు."

"లవ్‌తో పందికొక్కా?" అని ఇంటికెళ్లేదాకా గొణుగుతూనే ఉంది. ఆ మర్నాటి నుంచి అమ్మ పొద్దున్నే లేచి పుస్తకం పట్టుకోగానే నాన్న, "పందికొక్కు గారికి కాఫీ కావాలా?" అనడం మొదలుపెట్టాడు.

అమ్మ మార్కులు మెల్లగా పెరిగాయి. మూడు, ఐదు, మళ్లీ మూడు, ఎనిమిది. అమ్మ ఎనిమిది తెచ్చుకున్న రోజు నాకు ఆరు. సంతోషం వేసింది, దాని కిందే కొంచెం మంట కూడా. ఆ వారం నేను ఎవరూ చెప్పకుండా టీవీ కట్టేసి కూర్చున్నాను. అది మదామ్ పన్నాగమేమో, నాకిప్పటికీ తెలియదు.

మనవడి సంగతి వేరు. చేసేటప్పుడు చకచకా చేసేవాడు. ఎర్ర పెన్సిల్ బయటికి రాగానే చేతులు జేబుల్లో దూర్చి నేల చూసేవాడు. వాడి మార్కులు మా ఇద్దరికన్నా ఎప్పుడూ ఎక్కువే, అయినా మొహంలో ఏనాడూ ఆనందం కనబడలేదు. మా అమ్మని నా స్నేహితుల్లాగే "ఆంటీ" అనేవాడు. మదామ్ లేనప్పుడు బాగానే జోకులేసేవాడు.

ఫిబ్రవరిలో మంచు పడుతున్న ఒక శనివారం మదామ్ ఉత్తుత్తి పోటీ పరీక్ష పెట్టింది. అసలు పరీక్ష ఎలా ఉంటుందో అలాగే. నాలుగు గంటలు, ఒకటే పొడవాటి ప్రశ్నపత్రం, నోరు మెదపకూడదు. ముగ్గురికీ మూడు మూలల్లో బల్లలు వేసింది. ముగిశాక ర్యాంకులు కట్టి బోర్డు మీద రాస్తానంది.

గంట గడిచిందో లేదో, మనవడు పెన్ను కింద పెట్టాడు. లేచి, ఎవరివైపూ చూడకుండా పక్క గదిలోకి వెళ్లిపోయాడు. మదామ్ కదల్లేదు. మొహం మాత్రం పాలిపోయింది. ఒక్క నిమిషం ఆగి అమ్మ లేచి వాడి వెనకే వెళ్లింది. తలుపు తీసే ఉంది. ఆ వేళ మెషీన్లేవీ తిరగడం లేదు, అందుకే మాటలన్నీ మాకు వినబడ్డాయి.

"కడుపులో నొప్పా?" అంది అమ్మ.

"కాదు ఆంటీ. రాయలేను. ఆవిడ ర్యాంకులు రాస్తుంది."

"ముగ్గురమేగా. మహా అయితే మూడో ర్యాంకు."

"మీకు ఆ ర్యాంకుతో పని లేదు. నాకుంది. భోజనం దగ్గర కూడా అమ్మమ్మ పాత స్టూడెంట్ల ర్యాంకులే చెప్తుంది. ఎవడు ఎన్నోవాడో అన్నీ గుర్తు. రేపు నన్ను కూడా అలాగే గుర్తుపెట్టుకుంటుంది."

మెషీను మూత ఒకటి మూసిన చప్పుడైంది. తర్వాత అమ్మ తన తరహా ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. "చూడు, నాకు ఇరవైకి ఒకటొచ్చింది. మర్నాడు ఏమైంది? ఆదివారం అయింది. చర్చికెళ్లాం, అన్నం తిన్నాం, పడుకున్నాం. అంతే. నీకు లెక్కలంటే ఇష్టమేనా?"

"ఇష్టమే. భయం కూడా."

"రెండూ ఉండొచ్చులే. ముందు లోపలికి రా. ఆ మూడో ప్రశ్న నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

ఇద్దరూ వచ్చారు. వాడు తన బల్ల దగ్గరికి పోకుండా కుర్చీ లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నాడు. మూడో ప్రశ్న గుసగుసగా వివరించడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. నేనక్కడ ఒక్కదాన్నే చస్తుంటే!

"మదామ్! దట్స్ చీటింగ్!"

మదామ్ వాళ్లిద్దరినీ చూసింది. గడియారం చూసింది. చివరికి నావైపు తిరిగి, "నీ కాగితం నువ్వు చూసుకో" అంది.

ఆ రోజు బోర్డు మీద ర్యాంకులు పడలేదు. మర్నాడు సాయంత్రం ఆవిడే మా ఇంటికొచ్చింది. అమ్మ పెసరట్లు పోస్తోంది. వంటగదిలో చిన్న బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒకటి వడ్డించింది. అల్లం పచ్చడి తగలగానే ఆవిడ ముక్కు ఎర్రబడింది. అయినా రెండోది అడిగింది.

"నేను వాణ్ని పాడుచేస్తున్నానా?" అంది ఉన్నట్టుండి.

అమ్మ అట్లకాడ పక్కన పెట్టింది. "లేదండీ. కానీ కొన్నాళ్లు మార్కులు ఆపండి."

"మార్కులు లేకపోతే తానెక్కడున్నాడో వాడికెలా తెలుస్తుంది?"

"బోర్డు ముందు ఉన్నాడు కదండీ."

మదామ్ ప్లేటులో మిగిలిన పెసరట్టు ముక్కని పచ్చడిలో అద్దుకుని తినేసింది. తర్వాత, "ఈస్టర్ దాకా" అంది. అంతకన్నా ఎక్కువ ఒప్పుకోలేదు.

ఆ వారాలు మా అందరికన్నా ఆవిడకే కష్టంగా గడిచాయి. గంట కాగానే అలవాటుగా ఎర్ర పెన్సిల్ కోసం చెయ్యి జేబులోకి వెళ్లేది, మళ్లీ ఖాళీగా బయటికొచ్చేది. మనవడు మాత్రం మెల్లగా మారాడు. ముందు ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు, తర్వాత వాదించడం. ఒక శనివారం ఆవిడ బోర్డు నిండా రాసిన నిరూపణ చూసి, "ఇంత అక్కర్లేదు, నాలుగు లైన్లు చాలు" అన్నాడు. ఆవిడ చేతులు కట్టుకుని, "చూపించు" అంది. చూపించాడు. మూడో లైను దగ్గర ఆవిడ ఆపి, "ఇది ఎందుకు నిజం?" అంది. వాడు తడుముకోకుండా చెప్పాడు. మదామ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. క్లాసులో ఆవిడ కూర్చోవడం చూడటం మాకదే మొదటిసారి. "మళ్లీ చెప్పు" అంది, పాట మళ్లీ పాడమన్నట్టు. వాడు ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

ఈస్టర్ వచ్చి వెళ్లింది. మార్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

జూన్‌లో వాడికి లియోన్‌లోనే ప్రెపాలో సీటొచ్చింది. ఆవిడ పనిచేసిన బడిలో కాదు, దానికి పోటీ బడిలో. ఆవిడ ఒక పూట అలిగి, సాయంత్రానికి కేకు తెచ్చింది. ఆ కేకు తింటూనే అమ్మతో, "మీరు టీచరు కావాలి" అంది.

"నేనా? నా ఇంగ్లీష్ ఎవరికి అర్థమవుతుందండీ?"

"నా ఇంగ్లీషు మీకర్థం కాలేదా?"

అమ్మ ఆవిడకి ఇంకో ముక్క కేకు వడ్డించింది. ఆ సెప్టెంబరులో, బ్యాంకు పని చేస్తూనే, స్టేట్ కాలేజీలో టీచర్ ట్రైనింగుకి సాయంత్రం క్లాసుల్లో చేరింది. నాన్న వంట నేర్చుకున్నాడు. మొదటి నెల పప్పు మాడిన వాసన లిఫ్టులో దాకా వచ్చేది. రెండో ఏటికి మాత్రం సాంబారు బాగానే కుదిరింది. ఆయన ఆ సంగతి కూడా లిఫ్టులో అందరికీ చెప్పాడు. నేను కాలేజీకి వెళ్లి స్టాటిస్టిక్స్ తీసుకున్నాను. అక్కడ మొదటి పరీక్షలో ప్రొఫెసరు నా కాగితం తిరిగిస్తూ, ఇంత వివరంగా ఎందుకు రాశావని అడిగాడు. గంతెయ్యదని నీకెవరు చెప్పారని అడుగుతారేమోనని, అన్నాను. ఆయనకర్థం కాలేదు.

మనవడు లియోన్‌లో మొదటి ఏడాది చాలా ఇబ్బంది పడ్డాడు. కోల్‌లో మార్కులు చదివే వేళకి అక్కడ కూడా చేతులు జేబుల్లోకి దూరేవట. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మతో మాట్లాడేవాడు. రెండో ఏడాది చివర పరీక్షల్లో అనుకున్న కాలేజీ రాలేదు. అక్కడ చాలామంది చేసినట్టే ఆ ఏడాది మళ్లీ చదివి, మళ్లీ రాశాడు. ఈసారి నోటి పరీక్ష దాకా వెళ్లి, మంచి ఇంజనీరింగ్ కాలేజీలో సీటు తెచ్చుకున్నాడు. "లిస్టు మధ్యలో ఉన్నాను ఆంటీ, సరిగ్గా నడిమధ్యన!" అని ఫోన్లో అరిచాడు. వాడి గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు.

సరిగ్గా అదే వేసవిలో అమ్మకి జెర్సీ సిటీలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. లియోన్ తిరిగెళ్లిపోయిన మదామ్, ఆగస్టులో తన కూతుర్ని చూడ్డానికి వచ్చింది. పండగ చేసుకుందామని నాన్న మమ్మల్నందరినీ కార్లో సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లాడు. అమ్మ పుట్టింది బాపట్ల దగ్గర. సముద్రం కనబడితే ఆగలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నేరుగా నీళ్లలోకి నడిచింది. మదామ్ మాత్రం ఒడ్డునే నిలబడింది. పాదాలు మునిగేంత నీళ్లకన్నా లోపలికి తను ఎప్పుడూ వెళ్లలేదంది.

అమ్మ వెనక్కొచ్చి ఆవిడ చెప్పులు విప్పించి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఇద్దరూ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నారు. గాలికి ఒక్క ముక్కా వినబడలేదు. ఇంతలో ఒక పెద్ద అల వచ్చి ఇద్దర్నీ ఒక్కసారే కూర్చోబెట్టేసింది. నాన్న కంగారుగా పరిగెత్తాడు, నేనూ వెనకే పరిగెత్తాను. మేం వెళ్లేసరికి అమ్మ చీర అంతా ఇసుక, మదామ్ జుట్టంతా నురగ. లేవమని చేతులందిస్తే ఇద్దరూ పట్టుకోలేదు. నీళ్లలోనే కూర్చుని, ఇంకో అల వస్తోందేమోనని అటే చూస్తూ నవ్వుతున్నారు.